పేరు ఒక్కటే, రాతలు నాలుగు: రెండు జాబితాల్లోని పేర్లను కలపడం ఎలా

మాది నార్కట్‌పల్లి దగ్గర ఊరు. ఊరి పాల కేంద్రం లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నా మీద పడినప్పుడు నా ముందు మూడు జాబితాలు ఉన్నాయి. పొద్దున పాలు పోసేవాళ్ల రిజిస్టర్ ఒకటి, సాయంత్రం రిజిస్టర్ ఒకటి, బ్యాంకు ఖాతాలది ఇంకొకటి. పొద్దున రాసే ఆయన వెంకటయ్య అని రాస్తే, సాయంత్రం రాసే అబ్బాయి ఎంకటయ్య అని రాస్తాడు. బ్యాంకు జాబితా ఇంగ్లిషులో ఉంది. అందులో అదే మనిషి పేరు మూడో రకంగా ఉంది. ముగ్గురూ ఒక్కరేనని ఊర్లో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. కంప్యూటర్‌కు మాత్రం మనమే చెప్పాలి.

మీ చేతిలో ఉన్నది పొదుపు సంఘం పుస్తకం కావచ్చు, బడి పూర్వ విద్యార్థుల జాబితా కావచ్చు, బతుకమ్మ చందాల లెక్క కావచ్చు. పని ఒకటే. ఒకేలా వినిపించే పేర్లను, కొంచెం తేడాగా రాసిన పేర్లను జతలుగా పట్టుకునే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. నాలుగైదింటిని మన పేర్ల మీద నడిపి చూశాను. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్న కంటే, దాన్ని నడిపే ముందు పేర్లను మన నోటి తీరుకు సరిచేశామా లేదా అన్నదే పెద్ద ప్రశ్న అని నాకు అర్థమైంది. అందుకే ఈ వరుసలోనే చేయమంటున్నాను.

1. అసలు రాతను ముట్టుకోవద్దు

రిజిస్టర్‌లో ఎలా ఉందో అలాగే ఒక కాలమ్‌లో ఎక్కించండి. తప్పుగా కనిపించినా దిద్దకండి. పక్కన ఇంకో ఖాళీ కాలమ్ పెట్టి దానికి 'తాళం' అని పేరు పెట్టుకోండి. మార్పులన్నీ ఆ తాళం కాలమ్‌లోనే జరగాలి. రేపు ఎవరైనా వచ్చి "నా పేరు ఇట్ల ఎందుకు మారింది?" అంటే చూపించడానికి అసలు రాత ఉండాలి కదా.

తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, వయసు ఉంటే వాటిని కూడా వేరు వేరు కాలమ్‌లలో ఎక్కించండి. చివరికి తీర్పు చెప్పేవి అవే.

2. కంటికి కనిపించని తేడాలు తీసేయండి

ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఒక గడిలో మల్లయ్య అని కొట్టి, పక్క గడిలో దాని పొడవు లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెట్టండి. మన కంటికి మూడే అక్షరాలు: మ, ల్ల, య్య. జవాబు మాత్రం 7 వస్తుంది. కంప్యూటర్ లెక్కలో ల, పొల్లు, మళ్లీ ల వేరు వేరు. య్య కూడా అంతే. కింద చెప్పే పద్ధతుల్లో దూరం కొలిచేవి ఈ ఏడింటి మీదనే నడుస్తాయి కాబట్టి ఇది మనసులో ఉంచుకోండి.

ఇప్పుడు రమేష్ అని రెండు కీబోర్డులతో కొట్టి చూడండి. ఒకదాని పొడవు 5, ఇంకోదానిది 6 రావచ్చు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని గుర్తు ఒకటి పెడతాయి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అక్షరాలు అతుక్కోకుండా ఆపడం దాని పని. పేరు చివర ఉంటే కంటికి తేడా ఏమీ తెలియదు కానీ, కంప్యూటర్ ఇద్దరు రమేష్‌లను వేరు వేరుగా చూస్తుంది. తాళం కాలమ్‌లో దాన్ని పూర్తిగా తీసేయండి. పేరు ముందూ వెనకా మిగిలిన ఖాళీలు, ఇంటి పేరు పొడి అక్షరం తర్వాత చుక్కలు కూడా తీసేయండి.

ఐత్వం కూడా చూసుకోవాలి. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక గుర్తు ఇచ్చే ప్రమాణం పేరు యూనికోడ్. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా పెట్టవచ్చు, రెండు ముక్కలుగానూ పెట్టవచ్చు. మైలయ్య రెండు రకాలుగా నిల్వ ఉండే అవకాశం ఉంది. ఎన్ఎఫ్‌సీ అనే మార్పిడి చేస్తే రెండూ ఒకటవుతాయి. సున్నకు బదులు అంకెల సున్నా కొట్టినవాళ్లు కూడా ఉంటారు, అవి వెతికి మార్చండి. రాంరెడ్డి, రామ్‌రెడ్డి లాంటివి ఉంటే ఏదో ఒక రాతకు తెచ్చేయండి. ఇక పాత జాబితా ఏ డీటీపీ సెంటర్‌లోనో అనూ ఫాంట్లతో కొట్టించింది అయితే అది యూనికోడ్ కాదు. ముందు కన్వర్టర్‌తో మార్చనిదే ఏ పద్ధతీ దాని మీద నడవదు.

3. మన నోటి సూత్రాలు రాసుకోండి

అసలు పని ఇదే. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. అన్ని రకాల రాతలనూ ఒకే రూపానికి తెచ్చే మార్పిడి సూత్రాలు ఇక్కడ తయారవుతాయి. ఏది సరైన రూపం అన్న చర్చ వద్దు. తాళం ఎవరూ చదవరు, పోల్చడానికే అది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పేర్లు పలికే తీరు మీకు తెలిసిందే. వెంకన్న ఎంకన్న అవుతాడు, వీరయ్య ఈరయ్య అవుతాడు. కృష్ణయ్యను కిష్టయ్య అంటాం, లక్ష్మమ్మను లచ్చమ్మ అంటాం. భిక్షపతిని బిచ్చపతి అని రాసిన రిజిస్టర్లు ఎన్నో చూశాను. ఇవి తప్పులు కావు, ఒక లెక్క ప్రకారం జరిగే మార్పులు. లెక్క ఉంది కాబట్టే సూత్రం రాయగలం. నేను వాడే వరుస ఇది:

- కృష్ణ ఉంటే కిష్ట
- క్ష్మ ఉంటే చ్చ, ఆ తర్వాత మిగిలిన క్ష కూడా చ్చ
- ంహ, హ్మ రెండూ మ్మ
- నరస ఉంటే నర్స
- స్వా ఉంటే సా
- ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అన్నీ ఒత్తు లేని అక్షరాలుగా: క, గ, చ, జ, ట, డ, త, ద, ప, బ
- శ, ష రెండూ స. ణ ఉంటే న. ళ ఉంటే ల
- పేరు మొదట్లో వె, యె ఉంటే ఎ. వీ, యీ ఉంటే ఈ
- పేరు చివర దీర్ఘం ఉంటే హ్రస్వం

వరుస మారిస్తే పని చెడిపోతుంది. ష ను ముందే స చేశారనుకోండి, లక్ష్మమ్మలో క్ష కాస్తా క్స అయిపోతుంది. తర్వాత క్ష్మ కోసం వెతికే సూత్రానికి ఏమీ దొరకదు. కృష్ణ పరిస్థితి కూడా అంతే. అందుకే పెద్ద గుంపులు ముందు, ఒంటి అక్షరాలు తర్వాత.

ఒక పేరును చేత్తో నడిపి చూడండి. లక్ష్మమ్మలో క్ష్మ స్థానంలో చ్చ పెడితే లచ్చమ్మ. లక్ష్మయ్య లచ్చయ్య అవుతుంది, లక్ష్మి లచ్చి అవుతుంది. మూడూ మన ఊర్లలో నిజంగా పిలిచే పేర్లే. నరసింహలో ంహ మ్మ అయితే నరసిమ్మ, ఆ తర్వాత నర్సిమ్మ. వెంకటస్వామి ఎంకటసామి అవుతాడు. బ్రహ్మయ్య బ్రమ్మయ్య, శేఖర్ సేకర్. కిష్టయ్య చివరకు కిస్టయ్యగా మిగులుతాడు, పర్వాలేదు. రెండు వైపులా అలాగే మిగులుతుంది కాబట్టి జత కలుస్తుంది.

దీర్ఘాలన్నీ తీసేస్తే ఇంకా బాగా కలుస్తాయి కదా అని అనిపించవచ్చు. నేనూ అలా చేసి వెనక్కి తీసుకున్నాను. రమ, రామ ఒకటైపోతారు. చివరి దీర్ఘం ఒక్కటి తీస్తే చాలు: లక్ష్మీ, లక్ష్మి తేడా పోతుంది. తెలుగు రాతలో ద్విత్వాలు కూడా తీయకండి. మనవాళ్లు ఒత్తు రాయడంలో పెద్దగా పొరపాటు పడరు. ఇంగ్లిషు రాతలో మాత్రం ఒత్తును అస్సలు నమ్మలేం.

ఉర్దూ పేర్లకు వేరే సూత్రాలు కావాలి. జహంగీర్, జాంగీర్ ఒకటే. మహబూబ్‌ను మైబూబ్ అని రాస్తారు. ఖాజా, ఖ్వాజా, కాజా మూడూ కనిపిస్తాయి. మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్ కలపడం తేలికే కానీ, ఎండీ అని రాస్తే ఏ సూత్రానికీ అందదు. అలాంటివాటికి ఒక మారుపేర్ల పట్టిక పెట్టుకోండి: ఎడమ వైపు ఎండీ, కుడి వైపు మహమ్మద్. మల్లయ్య కాగితాల మీద మల్లేశం అయ్యే సంగతి కూడా ఈ పట్టికలోనే రాయాలి, అదీ ఆ మనిషిని అడిగిన తర్వాతే.

షీట్స్‌లో ఈ మార్పులు సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో అవుతాయి. పేరు మొదట్లోనే మార్చాల్సిన వాటికి రెజెక్స్ రీప్లేస్ వాడండి. లేకపోతే నడుమ ఉన్న వె కూడా మారిపోతుంది. ఫార్ములా ఒకదానిలో ఒకటి దూర్చి పెద్దగా చేసుకోవద్దు. ఒక్కో సూత్రానికి ఒక్కో కాలమ్ పెట్టండి. ఎక్కడ తప్పు జరిగిందో వెంటనే దొరుకుతుంది.

4. ఇప్పుడు పద్ధతులు పోల్చండి

పద్ధతులు రెండు జాతులు. మొదటి జాతి పేరు వినిపించే తీరును బట్టి ఒక కోడ్ ఇస్తుంది, కోడ్ ఒకటైతే పేర్లు ఒకటే అనుకుంటుంది. రెండో జాతి రెండు రాతల మధ్య దూరం కొలుస్తుంది.

మొదటి జాతిలో పెద్దది సౌండెక్స్. రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ దీనికి 1918లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లిషు ఇంటిపేర్ల కోసం చేసింది. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. మిగిలిన హల్లులను ఆరు గుంపులు చేస్తుంది: బి, ఎఫ్, పి, వి ఒకటో గుంపు, సి, జి, జె, కె, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ రెండు, డి, టి మూడు, ఎల్ నాలుగు, ఎం, ఎన్ ఐదు, ఆర్ ఆరు. అచ్చులు, హెచ్, డబ్ల్యూ, వై పోతాయి. పక్కపక్కన ఒకే గుంపు అక్షరాలు వస్తే ఒక్కసారే లెక్క. మొదటి అక్షరం తర్వాత మూడు అంకెలే ఉంచుతుంది, అంకెలు తక్కువైతే సున్నాలు పెడుతుంది.

తెలుగు లిపి మీద దీన్ని నడపకండి. డేటాబేస్‌లలో ఉండే సౌండెక్స్ ఇంగ్లిషు అక్షరాల కోసం చేసింది. దీన్ని బ్యాంకు జాబితా లాంటి ఇంగ్లిషు రాత మీదనే చూడాలి. లక్ష్మిని ఎక్స్‌తో రాసినా, కె-ఎస్-హెచ్‌తో రాసినా ఎల్-250 వస్తుంది. బాగుంది. లచ్చమ్మకూ ఎల్-250 వస్తుంది. కానీ లక్ష్మమ్మకు ఎల్-255. అంటే లచ్చమ్మను లక్ష్మితో కలిపి, అసలు కలవాల్సిన లక్ష్మమ్మ నుంచి విడదీసింది. వెంకటయ్యకు వి-523, వై తో రాసిన ఎంకటయ్యకు వై-523. అంకెలన్నీ కలిశాయి, మొదటి అక్షరం దగ్గర తెగింది. బుచ్చయ్య, బక్కయ్య, భిక్షయ్య ముగ్గురికీ మాత్రం బి-200.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. సత్తయ్యకు ఎస్-300. టి, డి ఒకే గుంపు కాబట్టి సైదయ్యకూ ఎస్-300. పేర్లు ఇక్కడ మార్చి రాస్తున్నాను కానీ జరిగింది అదే: కోడ్ కలిసింది కదా అని చూడకుండా జత కలిపేశాను. పదిహేను రోజుల పాల బిల్లు ఒకరిది ఇంకొకరి ఖాతాలో పడింది. పాలు పోసిన పెద్దాయన కేంద్రం ముందు నిలబడి, "రెండు పూటల పాలు పోసిన బిడ్డా, పైసలు ఏడవోయినయి? పిల్లగాని ఫీజు కట్టాలె" అన్నాడు. ఆ డబ్బు తిరిగి ఆయనకు చేరేదాకా నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి ఏ కోడ్ చెప్పినా జతను ఒక మనిషి చూడకుండా కలపలేదు.

మెటాఫోన్ దీని తర్వాత వచ్చింది. లారెన్స్ ఫిలిప్స్ 1990లో చేశాడు. ఇంగ్లిషు ఉచ్చారణను ఇంకా లోతుగా పట్టుకుంటుంది. అదే మనకు ఇబ్బంది. టి-హెచ్ కనిపిస్తే ఇంగ్లిషు శబ్దం అనుకుని దానికి వేరే గుర్తు ఇస్తుంది. మనవాళ్లు సత్తయ్యను రెండు టీలతో రాస్తారు, టి-హెచ్‌తోనూ రాస్తారు. రెండూ మన త శబ్దమే. మెటాఫోన్ వాటిని విడదీస్తుంది. 2000లో వచ్చిన డబుల్ మెటాఫోన్ ఒక్కో పేరుకు రెండు కోడ్‌లు ఇస్తుంది కాబట్టి కొంత నయం.

ఇంగ్లిషు జాబితా తప్పనిసరి అయితే సౌండెక్స్‌నే మన పేర్లకు తగ్గట్టు మార్చుకోండి. టి, డి వేరు చేయండి. టి-హెచ్‌ను టి గా, డి-హెచ్‌ను డి గా చూడండి. రెండో గుంపును పగలగొట్టి కె, జి ఒక చోట, సి-హెచ్, ఎక్స్, కె-ఎస్-హెచ్ ఒక చోట, జె ఒక చోట, ఎస్ ఒక చోట పెట్టండి. మొదట్లో వి-ఇ, వై-ఇ, ఇ ఉంటే ఒకటే అనుకోండి. మూడు అంకెల దగ్గర కోయకండి. ఇలా మార్చుకోవడం కొత్త కాదు. తూర్పు యూరప్ యూదుల పేర్లకు సౌండెక్స్ సరిపోవడం లేదని రాండీ డైచ్, గ్యారీ మొకోటాఫ్ 1985లో తమ పేర్ల కోసం తమదే ఒకటి తయారు చేసుకున్నారు. మనం మన పేర్లకు చేసుకుంటున్నాం.

రెండో జాతికి వద్దాం. లెవెన్‌స్టైన్ దూరం అంటే ఒక రాతను ఇంకో రాతగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లు కావాలన్న లెక్క. ఒక అక్షరం చేర్చడం, తీసేయడం, మార్చడం, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. సోవియట్ గణిత శాస్త్రవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో దీన్ని ప్రతిపాదించాడు. పక్కపక్క అక్షరాలు తారుమారైతే దాన్నీ ఒకే తప్పుగా లెక్కించే రకానికి ఆయన పేరుతో పాటు డామెరో అనే ఇంకో పరిశోధకుడి పేరు కూడా కలుస్తుంది. టైపింగ్ తప్పులు ఎక్కువ ఉన్న జాబితాకు అది వాడండి.

తాళం వేయకుండా అసలు రాతల మీద దీన్ని నడిపితే ఏమవుతుందో చూడండి. రాములు, రాజులు: దూరం 1. ఇద్దరు వేరు మనుషులు. మల్లయ్య, మల్లమ్మ: దూరం 2. భార్యాభర్తలైనా కావచ్చు, ఒకరు మాత్రం కాదు. వెంకటయ్య, ఎంకటయ్య: దూరం 2. ఒక్కడే. లక్ష్మమ్మ, లచ్చమ్మ: దూరం 4. ఒక్కతే. నరసింహ, నర్సిమ్మ: దూరం 4. ఒక్కడే. అంటే దగ్గరగా ఉన్నవాళ్లు వేరు, దూరంగా ఉన్నవాళ్లు ఒకరు. లెక్క తలకిందులైంది. 2 లోపు ఉంటే కలుపు అని చెబితే రాములు పాలు రాజులు ఖాతాలో పడతాయి, లచ్చమ్మ ఇద్దరు మనుషులుగా మిగిలిపోతుంది.

మూడో మెట్టులోని సూత్రాలు నడిపి, తాళాల మీద మళ్లీ కొలవండి. వెంకటయ్య, ఎంకటయ్య దూరం 0. లక్ష్మమ్మ, లచ్చమ్మ 0. నరసింహ, నర్సిమ్మ 0. రాములు, రాజులు 1 గానే ఉంటుంది, మల్లయ్య, మల్లమ్మ 2 గానే ఉంటుంది. పద్ధతి మార్చలేదు, పేర్లను సిద్ధం చేశాం, అంతే.

జారో-వింక్లర్ ఇంకో పద్ధతి. అమెరికా జనాభా లెక్కల పనిలో మాథ్యూ జారో, విలియం వింక్లర్ చేతుల మీదుగా వచ్చింది. 0 నుంచి 1 దాకా మార్కు ఇస్తుంది, 1 అంటే అచ్చంగా ఒకటే. పేరు మొదటి అక్షరాలు కలిస్తే మార్కు పెంచుతుంది. అసలు రాతల మీద రాములు, రాజులుకు 0.91 ఇచ్చింది. లక్ష్మమ్మ, లచ్చమ్మకు దాదాపు 0.7. ఇక్కడా అదే కథ. దీనితో మనకు ఇంకో చిక్కు ఉంది. మనం ఇంటి పేరు ముందు రాస్తాం. ఇంటి పేరుతో కలిపి పోలిస్తే, ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ మొదటి అక్షరాలు కలిసి, మార్కు ఊరికే పెరిగిపోతుంది. ఇంటి పేరును వేరే కాలమ్‌లోకి తీసేసిన తర్వాతే దీన్ని వాడండి.

చివరిది అక్షరాల జతల పద్ధతి. పేరును అక్షరాలుగా విడగొట్టి, పక్కపక్క రెండేసి అక్షరాలను జతలు చేసి, రెండు పేర్లలో ఎన్ని జతలు ఉమ్మడిగా ఉన్నాయో చూడటం. ఇందులో మల్లయ్యను ఏడు ముక్కలు చేయకుండా మ, ల్ల, య్య అని మూడు అక్షరాలుగా చూడగలం. మిర్యాలగూడ, మిర్యాలగూడెం తీసుకోండి. ఒక్కోదానిలో నాలుగు జతలు: మిర్యా, ర్యాల, లగూ, చివరిది గూడ లేదా గూడెం. మూడు ఉమ్మడి. ఉమ్మడి జతల రెట్టింపును మొత్తం జతలతో భాగిస్తే 6 బై 8, అంటే 0.75. ఇంటి పేరు ముందో వెనకో తెలియని జాబితాలకు, ఊర్ల పేర్లకు ఈ పద్ధతే నాకు నచ్చింది. చిన్న పేర్లకు పనికిరాదు, జతలే రెండు ఉంటాయి.

నా తీర్పు అడిగితే: తెలుగు జాబితాకు తెలుగు జాబితా కలపాలంటే తాళం వేసి లెవెన్‌స్టైన్. ఇంగ్లిషుతో కలపాలంటే మార్చుకున్న సౌండెక్స్, దానికి తోడు ఫోన్ నంబరు. ఊర్లకు అక్షరాల జతలు.

5. తోకను విడిగా చూడండి

మన పేర్లలో తోకకు చాలా బలం ఉంది. య్య, న్న, లు, మ్మ, బీ. చివరి అక్షరం ఒక కాలమ్‌లోకి తీయండి. ఒకటి య్య, ఇంకోటి మ్మ అయితే దూరం ఎంత తక్కువైనా ఆ జతను పక్కన పెట్టండి. ఈ ఒక్క పనితో నా జాబితాలో పనికిరాని జతలు చాలావరకు పోయాయి.

ఎంత దూరం దాకా ఒప్పుకోవాలన్నది పేరు పొడవును బట్టి ఉండాలి. తాళం పొడవు 7 కంటే తక్కువైతే తేడా ఒప్పుకోవద్దు, 0 వస్తేనే జత. 7 నుంచి 10 దాకా ఉంటే 1 దాకా చూడండి. 10 దాటితే 2. ఇవి నా జాబితాకు కుదిరిన హద్దులు, మీ జాబితా మీద పరీక్షించి సర్దుకోండి.

6. ఊరు, జిల్లా కాలమ్‌లతో జాగ్రత్త

నల్గొండ, నల్లగొండ కలపడం తేలిక. నకిరేకల్, నక్రేకల్ కూడా అంతే. కానీ పాలమూరుకూ మహబూబ్‌నగర్‌కూ ఏ పద్ధతిలోనూ పోలిక దొరకదు, శబ్దంలోనే లేదు కదా. జడ్చర్ల అని ఒకరు రాస్తే బాదేపల్లి అని ఇంకొకరు రాస్తారు. ఇవి మారుపేర్ల పట్టికలోకి వెళ్లాలి. పల్లి, గూడెం, పేట తోకలు చాలా ఊర్లకు తగులుతాయి కాబట్టి పోల్చేటప్పుడు వాటి బలం తగ్గించండి.

జిల్లా పేరు కలవలేదని జతను కొట్టేయకండి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు మారాయి. పాత జాబితాలో నల్గొండ జిల్లా అని ఉన్న మనిషి కొత్త జాబితాలో సూర్యాపేటలోనో యాదాద్రి భువనగిరిలోనో ఉండవచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లు కొందరు వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాలలోకి వెళ్లారు. 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. మనిషి ఇల్లు మాత్రం కదలలేదు.

7. పేరు కలిసినా మనిషి కలవకపోవచ్చు

దూరం 0 వచ్చిందంటే పేరు ఒకటే అని అర్థం. మనిషి ఒకరే అని కాదు. మా వైపు చెరువుగట్టు లింగన్న పేరు మీద లింగయ్యలు, యాదగిరిగుట్ట పేరు మీద యాదగిరులు, యాదయ్యలు, జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు ఊరికి ఎందరో. పాలమూరు వైపు వెళ్తే కురుమూర్తి స్వామి పేరు మీద కురుమయ్యలు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంటి నంబరులో ఇద్దరు లింగయ్యలు ఉంటారు. అక్కడ వయసు కాలమ్ ఒక్కటే దిక్కు.

ఇవాన్ ఫెలెగి, ఆలన్ సంటర్ 1969లో రాసిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. అందరికీ ఉండే విషయం కలిస్తే తక్కువ బలం, అరుదైన విషయం కలిస్తే ఎక్కువ బలం. మన జాబితాలో యాదయ్య, యాదయ్య కలిస్తే అది చిన్న ఆధారమే. ఊర్లో ఒక్కరికే ఉన్న పేరు కలిస్తే పెద్ద ఆధారం. ప్రతి తాళం జాబితాలో ఎన్నిసార్లు వస్తుందో కౌంట్ ఇఫ్‌తో లెక్కపెట్టి పక్కన రాసుకోండి. 1 ఉన్నవి నిమ్మళంగా కలపండి. 5 దాటినవాటికి తండ్రి పేరు, ఇంటి నంబరు రెండూ కలవాల్సిందే. తండ్రి పేరుకు కూడా అవే తాళం సూత్రాలు నడపడం మరిచిపోవద్దు.

8. చిన్న పరీక్ష పెట్టి, తర్వాతే మొత్తం నడపండి

మీకు బాగా తెలిసిన 60 జతలు చేత్తో రాసుకోండి. 30 ఒకే మనిషివి, 30 వేరు మనుషులవి. వేరు మనుషుల జతల్లో రాములు-రాజులు, సత్తయ్య-సైదయ్య లాంటి చిక్కువే పెట్టండి. తేలికైనవి పెడితే పరీక్ష వృథా. ప్రతి పద్ధతికీ రెండు లెక్కలు తీయండి. ఒకటి, కలవాల్సిన 30లో ఎన్ని పట్టుకుంది. రెండు, అది కలిపిన వాటిలో ఎన్ని తప్పు. డబ్బుతో ముడిపడిన జాబితా అయితే రెండో లెక్క సున్నా అయ్యేదాకా హద్దులు బిగించండి. పూర్వ విద్యార్థుల జాబితా అయితే కొంచెం వదులుగా ఉన్నా నష్టం లేదు, ఒక ఫోన్ కాల్ ఎక్కువవుతుంది అంతే.

పనిముట్టుగా ఓపెన్‌రిఫైన్ వాడండి, ఉచితం. అందులో క్లస్టర్ అనే చోట లెవెన్‌స్టైన్ ఉంటుంది. అక్కడ బ్లాక్ క్యారెక్టర్స్ అనే అంకె మొదట 6 అని ఉంటుంది. అంటే వరుసగా ఆరు అక్షరాలు కలిసిన పేర్లనే అది పోలుస్తుంది. మన పేర్లకు అది ఎక్కువ, 2 లేదా 3 చేయండి. లేకపోతే సగం జతలు కనబడకుండానే పోతాయి. పైథాన్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే రాపిడ్‌ఫజ్, జెల్లీఫిష్ లైబ్రరీలు చాలు.

జాబితాలు పెద్దవైతే ప్రతి పేరునూ ప్రతి పేరుతో పోల్చలేం. 400 పేర్లకు 400 పేర్లు అంటేనే 1,60,000 పోలికలు. వాడ వారీగానో తాళం మొదటి అక్షరం వారీగానో విడగొట్టండి. తాళం మొదటి అక్షరం అంటున్నాను, అసలు పేరు మొదటి అక్షరం కాదు. అసలు పేరుతో విడగొడితే వెంకటయ్య ఒక గుంపులో, ఎంకటయ్య ఇంకో గుంపులో పడి ఎప్పటికీ ఎదురుపడరు.

9. జతల కాగితం పట్టుకుని ఊర్లోకి వెళ్లండి

అనుమానం ఉన్న జతలన్నీ అచ్చు తీయండి. పక్కన మూడు గడులు: ఒకరే, వేరు, తెలియదు. పాలు పోసే వేళకు కేంద్రం దగ్గర కూర్చుంటే గంటలో సగం తేలిపోతాయి. 'వేరు' అని తేలిన జతలను పారేయకండి, ఒక షీట్‌లో దాచండి. వచ్చే నెల మళ్లీ నడిపినప్పుడు ఆ జతలను ముందే తీసేస్తే అడిగిందే అడగాల్సిన పని ఉండదు.

ఒకరే అని తేలినవాళ్లను ఇంకో మాట కూడా అడగండి: చిట్టీ మీద ఏ పేరు రావాలి? నేను అడిగితే ఒక అవ్వ, "కాయితాల మీద లక్ష్మమ్మనే ఉండనీ బిడ్డా, బ్యాంకోళ్లకు అదే కావాలె. పాల చిట్టీ మీద మాత్రం లచ్చమ్మ అనే రాయి. నన్ను ఎవ్వరు పిలిచినా గట్లనే పిలుస్తరు" అంది. అప్పుడు జాబితాలో 'పిలుపు పేరు' అని ఇంకో కాలమ్ చేర్చాను. చిట్టీలు ఇప్పుడు ఆ కాలమ్ నుంచే అచ్చవుతున్నాయి.